మొహమాటం టీ

నిన్న సాయంత్రం మా పక్కింటి హెడ్మిస్ట్రెస్ గారు చర్చి నుంచి వస్తూ వస్తూ మా గేటు తీశారు. ఆవిడ రిటైరై పదేళ్ళు దాటినా బందరులో మా వీధి వీధంతా ఇప్పటికీ ఆవిణ్ణి హెడ్మిస్ట్రెస్ గారనే పిలుస్తుంది, ఆవిడా అలాగే పలుకుతారు. ఒకటే ఉక్కపోత. చేతిలో విసనకర్రతో కుర్చీలో కూలబడ్డ మనిషికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా అని, అంతకు ముందురోజే గుడివాడ నుంచి వచ్చిన డబ్బా మూత తీసి, పాలు పొయ్యకుండా టీ పెట్టి పింగాణీ కప్పులో ఇచ్చాను. ఆవిడ కప్పులోకి చూసి, "అయ్యో, పాలు విరిగిపోయాయాండీ?" అన్నారు. విరగలేదండీ, ఇది ఇలాగే తాగాలి అన్నాను. ఒక గుక్క తాగారు. కనుబొమలు పైకి లేచాయి, ముక్కు పుటాలు ఒక్కసారి పెద్దవయ్యాయి, పెదవులు బిగుసుకున్నాయి. మరుక్షణం అన్నీ ఎక్కడివక్కడ సర్దుకుని, ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్టర్లని చూసిన ఆ మొహం చక్కగా నవ్వింది. "చాలా బాగుందండీ. తాగుతుంటేనే స్నానం చేసినట్టుంది" అన్నారు.

ఆవిడ వెళ్ళాక నేను ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. తరువాత ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అచ్చం అలాంటి మొహమే ఒకప్పుడు నేనూ పెట్టాను, గుడివాడలో, మా బావ ఎదుట, అదే టీ తాగుతూ. ఆ ఒక్క మొహం ఎంతో అనర్థం చేసింది.

ముందు ఈ టీ సంగతి చెబుతాను. బెర్గమాట్ అని ఒక పండు ఉంది. ఎక్కడో ఇటలీ దేశంలో కాస్తుందట. ముడతలు పడ్డ పెద్ద నిమ్మకాయలా ఉంటుంది. వట్టిగా తినడానికి పనికిరాదు గానీ, దాని తొక్కలోంచి తీసిన నూనెని టీ ఆకుకి పట్టిస్తారు. "అదీ మన దబ్బజాతేనే, దేశం మారిందంతే" అన్నాడు బావ మొదటిసారి దాన్ని వాసన చూసి. నిజమే. ఎండాకాలం మజ్జిగలో దబ్బాకు నలిపి వేసుకుని తాగినవాళ్ళకి ఆ వాసన మరీ కొత్తేమీ కాదు. కాకపోతే మజ్జిగలో చుట్టంలా ఉండేది టీ కప్పులో పరాయిదానిలా అనిపిస్తుంది. మొదట తొక్క వాసన తగులుతుంది, దాని వెనకాల ఏదో పువ్వు వాసన, మింగాక నాలుక చివర సన్నటి చేదు, ఆ పైన టీ వగరు. ఈ నాలుగూ విడివిడిగా తెలిస్తే ఆ టీ మంచిదన్నమాట. నాలుగూ ఒక ముద్దై తగిలితే సబ్బు వాసన. పాలు పోస్తే మరీ ఘోరం. ఇంత వివరంగా చెబుతున్నానని నాకేదో పాండిత్యం ఉందనుకోకండి. ఇదంతా బావ పక్కన కూర్చోబెట్టుకుని చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు నేర్పించిందే.

బావ అంటే మా మేనత్త కొడుకు. ఒకప్పుడు నన్ను ఆయనకే ఇద్దామనుకున్నారు. టీ పొడి కొట్టువాడికి పిల్లనిచ్చేదేంటని మా అమ్మ అడ్డం పడడంతో ఆయనా బతికిపోయాడు, నేనూ ఆఫీసులో గుమాస్తానై బతికిపోయాను. ఆయన్ని చేసుకున్నావిడని నేను అక్కయ్యా అంటాను. మా బావది గుడివాడలో చిన్న కొట్టు. బస్తాల్లో వచ్చే రకరకాల టీ పొడుల్ని పాళ్ళు చూసి కలిపి, ఇటు ముదినేపల్లి నుంచి అటు ఘంటసాల దాకా హోటళ్ళకీ టీ బడ్డీలకీ ఇచ్చేవాడు. ఏ ఊరి నీళ్ళకి ఏ పొడి రంగు దిగుతుందో ఆయనకి నోటికి వచ్చు. కొట్టు వెనకాల ఒక గది ఉంది. దాన్ని కప్పుల గది అంటారు. బల్ల మీద తెల్ల పింగాణీ కప్పులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో చెంచాడు పొడి వేసి, మరిగే నీళ్ళు పోసి మూతలు పెడతాడు. అయిదు నిమిషాలు ఆగి, వడకట్టి, చెంచాతో తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి జుర్రుకుంటూ పోతాడు. నోట్లో తిప్పి పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తాడు. మా ఇంట్లో చారు జుర్రితే మా నాన్న నెత్తి మీద మొట్టేవారు. మా బావకి జుర్రడమే వృత్తి. ఆ చప్పుడు వీధిలోకి వినబడితే కొట్టు తెరిచి ఉందని గుర్తు.

టీ ఆకుకి ఒక బుద్ధి ఉంది. పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసన పీల్చేసుకుంటుంది. అందుకని బావ కొట్లో అగరొత్తులు నిషేధం. దేవుడి పటానికి మందారం తప్ప ఇంకో పువ్వు లేదు, దానికి వాసన ఉండదని. తెల్లవారితే ధూపదీపాలతో మేలుకునే బజార్లో ఇలాంటి కొట్టుంటే ఊరుకుంటారా? ఈయన మతం పుచ్చుకున్నాడని కొన్నాళ్ళు చెప్పుకున్నారు. అక్కయ్య ఆ మాటకి కుమిలిపోయి, "ఒక్క శుక్రవారం సాంబ్రాణి వేస్తానండీ, ఒక్కటే" అని ఏళ్ళ తరబడి బతిమాలింది. ఆయన వినలేదు. మల్లెపూలు పెట్టుకుని వెళ్ళిన కొత్తకోడళ్ళని గుమ్మంలోంచే పంపేసేవాడు. నాకు బస్సు పడదు. బందరు నుంచి గుడివాడ వెళ్ళేసరికి తల పగిలిపోతుంది, నుదుటికి బామ్ రాసుకోకుండా దిగిన రోజు లేదు. నేనింకా రోడ్డు దాటుతుండగానే లోపల్నుంచి కేక వినబడేది. "బామ్ రాసుకుని నా కొట్లో అడుగు పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతా! మొహం కడుక్కుని తగలడు!" ముక్కుసూటి మనిషి, ముక్కు మీద కోపం. ఆ రెండు మాటలూ ఆయన కోసమే పుట్టాయని మా చుట్టాల్లో అనుకునేవాళ్ళు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం చేసేది. కరోనా వచ్చి ఆఫీసులు మూసేశాక ఇంటికొచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని విసుగొచ్చి, తండ్రి వెనకాల కప్పుల గదిలో తిరగడం మొదలుపెట్టింది. ఎక్కడి నుంచో బెర్గమాట్ నూనె తెప్పించింది. ఆకు మీద చల్లి, డబ్బాల్లో మూసి, వారం ఆగి, తీసి తండ్రికి ఇచ్చేది. ఆయన జుర్రి, "నూనె ఎక్కువైంది", "ఆకు చచ్చిపోయింది", "ఇప్పుడు కొంచెం మనిషి తాగేలా ఉంది" అనేవాడు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఈ టీయే. అందరూ హెడ్మిస్ట్రెస్ గారి మొహం పెట్టి, చాలా బాగుందనేవాళ్ళు. "ఇది బెర్గమాట్ టీ కాదే, మొహమాటం టీ" అని బావ పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ పిల్లకి మాత్రం పట్టుదల పెరిగింది. ఉద్యోగం మానేసింది. "నాన్న ముక్కుంది, నాకేం భయం పిన్నీ?" అంది నాతో.

రెండోసారి కరోనా విరుచుకుపడ్డప్పుడు బావకి పది రోజులు జ్వరం వచ్చింది. గండం గడిచిందని అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. ఆ తరువాత కొన్నాళ్ళకి అక్కయ్య నాకు ఫోన్ చేసి, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి, "మీ బావ మారిపోయారే" అంది. "కోపమే లేదు. మొన్న మరిచిపోయి మల్లెపూలతో కొట్లోకి వెళ్ళాను. ఏమీ అనలేదు. కూర మాడినా ఏమీ అనడం లేదు. చావు అంచు దాకా వెళ్ళొచ్చారు కదా, దేవుడి మీద గురి కుదిరిందే." నేను కూడా, పోన్లే అక్కయ్యా, ఇన్నాళ్ళకి నీకు సుఖం అన్నాను. ముక్కు మీద కోపం పోయిందంటే ముక్కుకేమైందో అని నాకు తట్టలేదు. ఆఫీసులో అంతమంది అర్జీలు చదివినదాన్ని, ఆ పాటి తెలివి లేకపోయింది.

నాకు తెలిసింది మాత్రం బామ్ వల్లే. ఏవో కాగితాల మీద బావ సంతకం కావలసి గుడివాడ వెళ్ళాను. ఆ రోజు తలనొప్పి మరీ ఎక్కువగా ఉంది, బామ్ కూడా మరీ ఎక్కువగానే పట్టించాను. మొహం కడుక్కోవడం మరిచిపోయి తిన్నగా కప్పుల గదిలోకి నడిచాను. గుమ్మం దాటాక గుర్తొచ్చి, తిట్టు కోసం ఎదురుచూస్తూ అక్కడే నిలబడిపోయాను. బావ తలెత్తి, "రావే, కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా జానెడు బల్ల, దాని మీద ఎనిమిది కప్పులు. నా నుదుటి వాసనకి నా కళ్ళే మండుతున్నాయి. ఆయన కప్పు మీదికి వంగి వాసన చూసినట్టు చూసి, తలెత్తి నా మొహం వంక చూశాడు. మళ్ళీ వంగాడు, మళ్ళీ చూశాడు.

"బావా, నేను బామ్ రాసుకున్నాను" అన్నాను.

ఆయన చేతిలో చెంచా ఆగింది. ఆ మొహంలో రంగు ఎలా దిగిపోయిందో నేను చెప్పలేను. లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ. ఆర్నెల్లు. ఏమీ తెలియదే. పొడి బస్తాలో తల పెట్టినా అంతే, ఇంగువ డబ్బాలో పెట్టినా అంతే. నాలుకకి చేదూ వగరూ తెలుస్తాయి. రంగు కళ్ళకి తెలుస్తుంది. మామూలు పొడులకి అది చాలు, లాక్కొస్తున్నాను."

"మరి పిల్ల చేసే టీ?"

ఆయన చెంచా బల్ల మీద పెట్టాడు. "వాసన చూడు అంటాం కదే మనం. నేను నిజంగానే చూస్తున్నాను. మీ అక్కయ్య తాగితే దాని మొహంలో చూస్తాను. పిల్ల మొహంలో చూస్తాను. దాన్నిబట్టి చెబుతున్నాను. ఇప్పటిదాకా తప్పు పోలేదు."

అక్కయ్యకైనా చెప్పకపోతే ఎలా అన్నాను, డాక్టరుకి చూపించుకో అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "ఎవరికైనా చెప్పావంటే నా మీద ఒట్టు. పిల్ల నన్ను చూసుకుని ఉద్యోగం వదిలేసింది. వచ్చే నెల విజయవాడ నుంచి ఎవరో పెద్ద హోటలు మేనేజరు రుచి చూడ్డానికి వస్తానన్నాడు. ముక్కు పోయిన ముసలాణ్ణి నమ్ముకున్నానని తెలిస్తే ఆ పూటే డబ్బాలన్నీ కట్టి అటకెక్కిస్తుంది. ఆ ఒక్క రోజూ గడవనియ్యి. ఆ రోజు నువ్వొచ్చి నా ఎదురుగా కూర్చో. ఏమీ చెప్పొద్దు, ఏ సైగా చెయ్యొద్దు. ఊరికే తాగు. యాభై ఏళ్ళుగా ఎరిగిన మొహం, నాకు పుస్తకం చదివినట్టు తెలుస్తుంది." కాదనలేకపోయాను. ఆ మనిషి నన్ను ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగడు.

ఆ నెల రోజులూ నాకు అన్నం సహించలేదంటే నమ్మండి. చెబితే ఒట్టు, చెప్పకపోతే పాపం. పిల్ల రోజూ ఫోన్ చేసి సంగతులు చెప్పేది. మూడు డబ్బాలు సిద్ధం చేస్తోంది. మొదటిదాంట్లో నూనె తక్కువ, రెండోదాంట్లో కొంచెం ఎక్కువ. మూడోది దాని ప్రాణం. అక్కయ్య పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర. అక్కడి పెరట్లో దబ్బచెట్టు ఉంది. ఆ కాయల తొక్క సన్నగా తరిగి, నీడన ఎండబెట్టి, బెర్గమాట్‌తో కలిపి ఆకులో వేసింది. "ఇలాంటిది ఇంకెక్కడా ఉండదు పిన్నీ, ఇది మనది" అనేది. ఆ నూనె మధ్య రాత్రింబవళ్ళు ఉండి ఉండి దాని ముక్కు మొద్దుబారింది. "నాకిప్పుడు ఏదీ తెలియడం లేదు, పర్లేదులే, నాన్న ఉన్నాడుగా" అంది ఒకరోజు. ఫోన్ పెట్టేశాక నేను దేవుడి గది ముందు కూలబడ్డాను.

ఆ శనివారం రానే వచ్చింది. నేను బామ్ రాసుకోలేదు. తలనొప్పిని తలలోనే పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. పది గంటలకి మేనేజరుగారు వచ్చారు. నలభై దాటని మనిషి, తక్కువ మాటలు, నీలగిరి కొండల్లో టీ కంపెనీలో పనిచేసి వచ్చారట. ఆయన కప్పులు చూసిన తీరులోనే ఈయనకి టీ గురించి బాగా తెలుసు అని నాకు భయం వేసింది. బావ, నేను ఎదురెదురుగా. మేనేజరుగారు పక్కన. పిల్ల మూతలు తీస్తోంది, చప్పుడు కాకూడదని గాజులు కూడా తీసేసింది. అక్కయ్య గుమ్మంలో నిలబడింది. పట్టుచీర, పెద్ద బొట్టు, మొహం నిండా ఏదో గుట్టుగా దాచుకున్న సంతోషం.

మొదటి కప్పు. నేను తాగాను. పలచగా ఉంది, తొక్క వాసన వచ్చి వెళ్ళిపోయింది. బావ జుర్రి, నా వంక ఒక్క చూపు చూసి, "వాసన నిలబడలేదు" అన్నాడు. మేనేజరుగారు తల ఊపారు. రెండో కప్పు. దాంట్లో తొక్క, పువ్వు, చేదు, వగరు, నాలుగూ దేనికది తెలిశాయి. నాకు తెలియకుండానే కళ్ళు మూసుకున్నాను కాబోలు, "ఇది బాగుంది, దేని చోట్లో అది ఉంది" అన్నాడు బావ. "అవునండీ" అన్నారు మేనేజరుగారు మొదటిసారి నోరు తెరిచి. నా భుజాలు కొంచెం సడలాయి. గడిచిపోతుంది, గడిచిపోతుంది అనుకున్నాను.

మూడో కప్పు నోటి దగ్గరికి తీసుకోగానే నాకు గుడి గుర్తొచ్చింది. సాంబ్రాణి. దబ్బ లేదు, బెర్గమాట్ లేదు, గుప్పుమని సాంబ్రాణి పొగ. గుక్క మింగాను. గొంతు దాకా సాంబ్రాణే. తలెత్తితే, ఊపిరి బిగబట్టి నా వైపే చూస్తున్న పిల్ల కనిపించింది. ఆ కళ్ళల్లో దాని రెండేళ్ళ కష్టం ఉంది. నేనేం చెయ్యను? పై అధికారులు చల్లారిపోయిన కాఫీ ఇచ్చినా బ్రహ్మాండం సార్ అని ముప్పై ఏళ్ళు తాగినదాన్ని. నా ప్రమేయం లేకుండానే నా మొహం సర్దుకుంది. కనుబొమలు దిగాయి, పెదవులు నవ్వాయి. ఆ నవ్వు పిల్ల కోసం. అది బావ చూశాడు.

ఆయన చెంచా నిండా తీసుకుని జుర్రాడు. నోట్లో తిప్పి ఉమ్మలేదు, మింగాడు. ఆయన మింగాడంటే అంతకు మించిన మెప్పు లేదు. "ఇదండీ" అన్నాడు బల్ల మీద చేత్తో కొట్టి. "మీరు తీసుకెళ్ళాల్సింది ఇది. మా దివిసీమ దబ్బ. ఎంత శుభ్రంగా ఉందో చూడండి, ఒక్క పరాయి వాసన లేదు."

మేనేజరుగారు రుచి చూశారు. ఇంకోసారి చూశారు. కప్పు నెమ్మదిగా కింద పెట్టి, ఎంతో మర్యాదగా, "మీ ఇంట్లో పూజలు బాగా చేస్తారనుకుంటానండీ" అన్నారు.

బావకి అర్థం కాలేదు. సంతోషంగా నవ్వాడు. "అబ్బే, మా కొట్లో అగరొత్తి కూడా వెలగదండీ. ముప్పై ఏళ్ళ నియమం. కావాలంటే వీళ్ళని అడగండి" అన్నాడు, ఆ సాంబ్రాణి కప్పు చేత్తో పట్టుకుని.

గుమ్మంలో అక్కయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల కప్పు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మొద్దుబారిన ముక్కైనా, చెప్పాక తెలుస్తుంది కదా. తల్లి వైపు చూసింది. తరువాత తండ్రి వైపు చూసింది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఒక్కొక్కరి మొహమూ వెతుకుతూ. ఆ నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోవడం నేను చూడలేకపోయాను.

ఆ పిల్లని నేను ఎత్తుకుని పెంచాను గానీ, అది ఎంత పెద్దదైందో నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. "మూడోది పక్కన పెట్టెయ్యండి సార్, ఆరబోసినప్పుడు నా వల్ల పొరపాటు జరిగింది" అంది, గొంతు ఎక్కడా తొణక్కుండా. "రెండోదే మా అసలు రకం. నాన్నగారు కూడా దాన్నే ముందు మెచ్చుకున్నారు." మేనేజరుగారు రెండోదాంట్లోంచి కాస్త పొట్లం కట్టించుకుని, ఫోన్ చేస్తానని చెప్పి వెళ్ళిపోయారు. చెయ్యలేదు. అది వేరే సంగతి.

కారు చప్పుడు దూరమయ్యాక అక్కయ్య ఏడుస్తూ చెప్పింది. ముందురోజు శుక్రవారం. మూడోరకం చాపల మీద ఆరబోసి ఉంది. తన పుట్టింటి దబ్బ, కూతురి మొదటి శుభకార్యం. ఈయనేమో మారిపోయాడు, ఏమీ అనడం లేదు. ముప్పై ఏళ్ళ కోరిక. కప్పుల గదిలో మూల మూలకీ సాంబ్రాణి ధూపం పట్టింది. తెల్లారేసరికి గదిలో వాసన పోయింది, మూతలు పెట్టిన మొదటి రెండు రకాలకీ ఏమీ కాలేదు, ఆరబోసిన ఆకు మాత్రం అంతా పీల్చేసుకుంది. "ఈయన అప్పుడే లోపలికొచ్చారే, పొగలోనే నిలబడి డబ్బాలు లెక్కచూసుకుని వెళ్ళారు. ఒక్క మాట అనలేదు. ఒప్పుకున్నారనుకున్నాను" అంది.

పిల్ల వంటింట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా తెచ్చింది. తండ్రి వెనకాల నిలబడి, మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టింది. "ఏంటి నాన్నా ఇది?" అంది. ఆయనకి చూడ్డానికి ఎదురుగా ఎవరి మొహమూ లేదు. నేను తల దించుకున్నాను, అక్కయ్య మొహం కొంగులో ఉంది.

"తెలియదమ్మా" అన్నాడు బావ.

పిల్ల డబ్బా కింద పెట్టి, ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, ఆయన జుట్టులో మొహం దాచుకుంది. ఆయన నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోపమే వచ్చి ఉంటే బాగుండేది. "ఏమే, నువ్వు కూడా నా దగ్గర మొహమాట పడ్డావా?" అన్నాడు. అంతే. మంచికే పెట్టిన మొహం అది. కానీ ఆ రోజు ఆయనకి నా మొహం మొహం కాదు, ముక్కు. దాంతోనే అబద్ధం ఆడాను.

తరువాత చాలా నెలలు నేను గుడివాడ వెళ్ళలేదు. సిగ్గు. పిల్ల మాత్రం ఫోన్ చేస్తూనే ఉండేది. విజయవాడలో ముక్కు డాక్టరుకి చూపించారు. మందు లేదట. రోజూ పొద్దునా సాయంత్రం నాలుగు గాఢమైన వాసనలు ముక్కు దగ్గర పెట్టుకుని, అవి ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకోమన్నారట. వస్తే రావచ్చు, రాకపోతే లేదు. నాలుగూ పిల్లే ఎంచింది. లవంగం, ఇంగువ, మల్లె, దబ్బాకు. తను మాస్కు కట్టుకుని ఎదురుగా కూర్చునేది, మొహం చూసి చెప్పకుండా. "దొంగాట కుదరదు నాన్నా" అనేదట. డబ్బాలు అటకెక్కించలేదు. ఏ ముక్కు లేకపోయినా చేస్తానని మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది. ఆయన నాలుకతో వగరు చెప్పేవాడు, అది ముక్కుతో మిగతాది చెప్పేది. కప్పుల గదిలోకి సాంబ్రాణి మళ్ళీ రాలేదు. అక్కయ్యే గుమ్మం మీద కాపలా.

ఎండలు ముదిరాక ఒకరోజు ఇక ఉండబట్టలేక బస్సెక్కాను. దిగేసరికి మామూలే, తల పగిలిపోతోంది, నుదురంతా బామ్. కొట్టు ముందుకి వచ్చానే గానీ లోపలికి అడుగు పడలేదు. పక్కన గోడ నీడలో బల్ల ఉంటే దాని మీద కూర్చుండిపోయాను. లోపలివాళ్ళకి నేను కనిపించను. కరెంటు పోయింది కాబోలు, ఫ్యాన్ల మోత లేదు. జుర్రుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుంటూ అలాగే ఉన్నాను. చప్పుడు ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు, గుడివాడ బజారంతా వినబడేలా, "ఎవరది బయట? బామ్ రాసుకుని నా కొట్టు ముందు కూర్చుంది ఎవరు? బుద్ధి లేదూ? లెయ్, మొహం కడుక్కో!" అని కేక.

లోపల ఏదో పింగాణీ కింద పడి పగిలింది. పిల్ల పరుగున బయటికొచ్చి నన్ను చూసి నిలబడిపోయింది. దాని వెనకాల బావ. చేతిలో చెంచా. తను ఏమన్నాడో తనకే అప్పుడు అర్థమైనట్టు గుమ్మం పట్టుకుని ఆగాడు. "బామేనా అది?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

"బామే బావా" అన్నాను. ఆయన మొహంలో ఏముందో నేను చూడలేదు. నా కళ్ళనిండా నీళ్ళు. ఆయన గుమ్మంలోనే చతికిలబడి, "కంపు, కంపు" అంటూ పకపకా నవ్వుతూ ఏడ్చాడు. అక్కయ్య బిందెతో నీళ్ళు తెచ్చి నా మొహం తనే కడిగింది.

అంతా తిరిగి రాలేదు. మల్లెలు ఇప్పటికీ ఆయనకి కాలిన కాగితంలా ఉంటాయట. బెర్గమాట్ సగమే తెలుస్తుందట. పువ్వు తెలుస్తుంది, తొక్క తెలియదు. ఆ మిగతా సగం పిల్ల చెబుతుంది. నిన్న హెడ్మిస్ట్రెస్ గారికి నేనిచ్చింది వాళ్ళిద్దరూ కలిసి చేసిన డబ్బాయే. మూత మీద చిన్న అక్షరాల్లో "మొహమాటం" అని అచ్చు వేయించింది పిల్ల. ఈసారి ఆవిడ వస్తే, నిజం చెప్పండి, సబ్బులా ఉంది కదూ అని నేనే అడుగుతాను.

ఇప్పటికీ నెలకోసారి గుడివాడ వెళ్తాను. తలనొప్పి ఉన్నా లేకపోయినా బస్సు దిగే ముందు నుదుటికి దట్టంగా బామ్ పట్టించి, ఆ గోడ పక్కన బల్ల మీద కూర్చుని, లోపల్నుంచి కేక కోసం ఎదురుచూస్తాను. ఒక్కోసారి అది వెంటనే వస్తుంది, ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఆయన తిట్టినన్నాళ్ళూ మా కాలం ఇంకా నడుస్తున్నట్టే.